డాట్ డి డైరెక్టరీల రివ్యూ: ఏ టూల్ బాగా చేసింది, ఏది ఇరికిస్తుంది

లైనక్స్ మెషీన్లు చూసుకునే ఎవరికైనా సెట్టింగ్ ఫైళ్లుండే ఎట్సీ లోపల డాట్ డి అనే తోకతో, ఒక టూల్ సెట్టింగ్స్‌ని చిన్న చిన్న ఫైళ్లుగా పెట్టుకునే డైరెక్టరీలు పరిచయమే, సుడోయర్స్ డాట్ డి, క్రాన్ డాట్ డి, లాగ్‌రొటేట్ డాట్ డి, సిస్‌సీటీఎల్ డాట్ డి, ఇంకా బోలెడు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కదా అని లోపల కూడా ఒకేలా పనిచేస్తాయనుకుంటే మాత్రం ఇరుక్కుంటారు. ఒక్కో టూల్ వాళ్లు ఒక్కో రూలు పెట్టుకున్నారు. అందుకే మొత్తం ఫీచర్‌ని పొగిడో తిట్టో వదిలేయకుండా టూల్ వారీగా మార్కులేద్దామని ఈ రివ్యూ.

ఐడియాకి మాత్రం నా ఓటు పూర్తిగా ఉంది, అది ముందే చెప్పేస్తా. ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది, దానికి రోజూ రాత్రి ఒక జాబ్ నడవాలి, దాని లాగ్స్ రొటేట్ అవ్వాలి, కెర్నెల్ సెట్టింగ్ ఒకటి మారాలి. ఇవన్నీ వేరే టూల్స్ చేతిలో ఉన్న పనులు, వాటి మెయిన్ కాన్ఫిగ్ ఫైల్ ఈ ప్యాకేజీది కాదు. పాత రోజుల్లో ఏం చేసేవాళ్లంటే ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో ఫైల్‌లో టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్ పెట్టి ఆ మెయిన్ ఫైల్‌లోకే దూరి లైన్లు ఇరికించేవాళ్లు, తీసేసేటప్పుడు మళ్లీ వెతికి పీకాలి, మధ్యలో అడ్మిన్ ఆ లైన్ కొంచెం మార్చి ఉంటే ఇక అది దొరకదు. ఒకే నోటుబుక్‌లో పదిమంది రాసి ఎవరిది వాళ్లు చెరుపుకోవాలన్నట్టు ఉండేది వ్యవహారం. డెబియన్ లైనక్స్‌లో, నెట్‌వర్క్ సర్వీసుల్ని అవసరమైనప్పుడు లేపే ఐనెట్‌డీ కాన్ఫిగ్‌లో లైన్లు పెట్టడానికీ తీయడానికీ అప్‌డేట్ ఐనెట్‌డీ అని ప్రత్యేకంగా ఒక టూలే ఉండేదంటే చూసుకోండి. తర్వాత వచ్చిన ఎక్స్‌ఐనెట్‌డీలో సర్వీస్‌కో ఫైల్, డైరెక్టరీలో పడేస్తే చాలు.

డ్రాప్ ఇన్ ఫైల్ అంటే అంతే, ప్యాకేజీ తన ఫైల్ తను తెచ్చుకుని ఆ డైరెక్టరీలో పెడుతుంది, పోయేటప్పుడు తన ఫైల్ తనతో పోతుంది, మెయిన్ ఫైల్ మీద ఎవరి చెయ్యీ పడదు. దీనివల్ల అప్‌గ్రేడ్‌లో పెద్ద తలనొప్పి ఒకటి తగ్గుతుంది. మెయిన్ ఫైల్‌ని మనం చేత్తో మార్చామనుకోండి, కొత్త వెర్షన్‌లో ఆ ఫైల్ కూడా మారి వచ్చిందనుకోండి, డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఆగి మీది ఉంచాలా నాది పెట్టాలా అని అడుగుతుంది, రెడ్ హ్యాట్ వైపు అదే పని చేసే ఆర్‌పీఎం అయితే మామూలుగా అడక్కుండా పక్కన ఆర్‌పీఎంన్యూ అని ఒక ఫైల్ పడేసి పోతుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడరు. మన మార్పులు డ్రాప్ ఇన్‌లో ఉంటే మెయిన్ ఫైల్ వచ్చింది వచ్చినట్టే ఉంటుంది, ఈ పంచాయితీయే రాదు. డెబియన్ పాలసీ కూడా ప్యాకేజీ కాన్‌ఫైల్‌గా, అంటే అడ్మిన్ మార్చుకునే సెట్టింగ్ ఫైల్‌గా, లెక్కలో ఉన్న ఫైల్‌ని మెయింటెయినర్ స్క్రిప్టులు, అంటే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడూ తీసేసేటప్పుడూ నడిచే ప్యాకేజీ స్క్రిప్టులు, ముట్టుకోకూడదని చెప్తుంది, సొంత ప్యాకేజీది అయినా సరే. అంటే ఇంకో టూల్‌లో మన సెట్టింగ్ చేరాలంటే ఆ టూల్ ఏదో ఒక దారి ఇవ్వాల్సిందే.

ఇక మార్కులు ఎలా వేస్తున్నానంటే, ఒకే సెట్టింగ్ రెండు ఫైళ్లలో ఉంటే ఎవరిది గెలుస్తుందో చూస్తా, ఫైల్ పేరు ఎలా ఉంటే ఒప్పుకుంటుందో చూస్తా, ఒక ఫైల్‌లో తప్పుంటే నష్టం ఎంతవరకు పాకుతుందో చూస్తా. వీటన్నిటికంటే ముఖ్యంగా, అన్నీ కలిపాక చివరికి ఏం తేలిందో ఒక్క కమాండ్‌తో చూపిస్తుందా లేదా అన్నది. ఈ చివరిది లేకపోతే మిగతావి ఎంత బాగున్నా నా దగ్గర మార్కులు పడవు, ఎందుకంటే సెట్టింగ్ ముక్కలు ముక్కలుగా ఏడు చోట్ల ఉన్నప్పుడు మనిషి బుర్రలో కలుపుకుని చూడటం అయ్యే పని కాదు.

మెషీన్‌లో సర్వీసుల్ని లేపి నడిపించే సిస్టమ్‌డీతో మొదలెడతా, దీనికి 10కి 9. దాన్ని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, వేరే విషయాల్లో వాళ్లతో నేనూ కలుస్తా, కానీ ఈ ఒక్క పని మాత్రం మిగతా అందరికంటే శ్రద్ధగా చేశారు. సర్వీస్ ఎలా నడవాలో రాసి ఉండే ప్యాకేజీ యూనిట్ ఫైల్, ప్యాకేజీలు తమ ఫైళ్లు పెట్టుకునే యూజర్ లిబ్ డైరెక్టరీ కింద ఉంటుంది, మనం ఎట్సీ కింద ఆ సర్వీస్ పేరుకి డాట్ డి తగిలించిన డైరెక్టరీ పెట్టి, అందులో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైల్ పెడితే మనం రాసిన రెండు లైన్లే మారతాయి, మిగతా అంతా ప్యాకేజీదే నడుస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కొడితే ఓవర్‌రైడ్ డాట్ కాన్ఫ్ అని అదే తయారు చేసిపెడుతుంది, పైగా ఎడిటర్ మూయగానే రీలోడ్ కూడా అదే చేసుకుంటుంది. ఫైల్ చేత్తో పెడితే మాత్రం డీమన్ రీలోడ్, అంటే ఫైళ్లు మళ్లీ చదవమనే కమాండ్, మనమే కొట్టాలి. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ కొట్టండి, ఏ ముక్క ఏ ఫైల్ నుంచి వచ్చిందో పాత్‌తో సహా వరసగా చూపిస్తుంది. సిస్టమ్‌డీ డెల్టా అయితే మొత్తం మెషీన్‌లో ఎక్కడెక్కడ ఓవర్‌రైడ్ అయ్యిందో లిస్ట్ ఇస్తుంది. వేరేవాళ్లు సెటప్ చేసిన సర్వర్ మీ చేతికొచ్చినప్పుడు ముందు ఇది కొట్టి చూడండి, సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

ఇందులో ఇంకో మంచి సంగతి ఏంటంటే ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నా పేరు ప్రకారమే వరస కడుతుంది, యూజర్ లిబ్‌లోవి ముందు ఎట్సీలోవి తర్వాత అని కాదు. ఒకే పేరు రెండు చోట్లా ఉంటే మాత్రం ఎట్సీలోది ఉంటుంది, యూజర్ లిబ్‌లోది అసలు చదవదు. ప్యాకేజీ పెట్టిన డ్రాప్ ఇన్ మనకి వద్దనుకుంటే అదే పేరుతో ఎట్సీలో ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్ నల్‌కి లింక్ పెడితే సరి, ప్యాకేజీ ఫైల్ చెరపక్కర్లేదు, చెరిపినా అప్‌గ్రేడ్‌లో మళ్లీ వస్తుంది కదా. వాళ్ల మాన్యువల్‌లోనే యూజర్ కింద పెట్టేవాటికి 10 నుంచి 40, ఎట్సీలో పెట్టేవాటికి 60 నుంచి 90 నంబర్లు వాడమని సలహా కూడా ఉంది, ఇలా అంకెలతో సహా రాసిపెట్టడం మిగతావాళ్లు నేర్చుకుంటే బాగుండు.

మరి ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, సర్వీస్ ఏ కమాండ్‌తో లేవాలో చెప్పే ఎగ్జెక్ స్టార్ట్ లైన్ దగ్గర. మామూలు సర్వీస్‌కి కమాండ్ మారుద్దామని డ్రాప్ ఇన్‌లో కొత్త ఎగ్జెక్ స్టార్ట్ లైన్ రాస్తే అది పాతదాన్ని మార్చదు, పాతదాని పక్కన రెండోదిగా చేరుతుంది, అప్పుడు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని సర్వీస్ లేవనంటుంది. ముందు ఖాళీ ఎగ్జెక్ స్టార్ట్ లైన్ ఒకటి రాసి పాతది తుడిచి, దాని కింద కొత్తది రాయాలి. చదివినవాడికి తెలుస్తుంది, చదవనివాడికి ఎందుకు ఆగిందో అర్థం కాదు. పోనీ ఖాళీ లైన్ ట్రిక్ అన్నిటికీ పనిచేస్తుందా అంటే అదీ లేదు, ఏ సర్వీస్ తర్వాత లేవాలో చెప్పే ఆఫ్టర్ లాంటి డిపెండెన్సీ లైన్లని డ్రాప్ ఇన్‌తో పెంచగలం గానీ తగ్గించలేం, తగ్గించాలంటే మొత్తం యూనిట్ ఫైల్ ఎట్సీలోకి కాపీ చేసుకుని రాసుకోవాల్సిందే, అంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ, దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవ్వనిచ్చే సర్వర్. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే తప్పు జరిగితే తలుపు తెరిచి పెట్టినట్టయ్యే టూల్ ఇది. సర్వర్ కాన్ఫిగ్‌లో, వేరే ఫైళ్లని కలిపి చదివించే ఇన్‌క్లూడ్ లైన్ వచ్చిందే ఆలస్యంగా, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2లో, 2020లో. క్లయింట్ వైపు అంతకుముందే 7.3లో వచ్చేసింది. ఇప్పుడు డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ 9 అన్నిట్లోనూ ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డి రెడీగా ఉంటుంది. సమస్యల్లా రూలు తిరగబడి ఉండటం: ఈ టూల్‌లో ఒక సెట్టింగ్ మొదట ఎక్కడ కనిపిస్తే అదే ఖాయం, తర్వాత ఎన్నిసార్లు రాసినా పట్టించుకోదు. మనకేమో మిగతా చాలా చోట్ల చివర్లో వచ్చింది గెలుస్తుందని చేతికి అలవాటైపోయింది, అందుకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపేద్దామని 99 నంబర్‌తో ఫైల్ పెడతారు, హమ్మయ్య అనుకుంటారు. అక్కడ క్లౌడ్ మెషీన్ మొదటిసారి లేచినప్పుడు సెటప్ చేసే క్లౌడ్ ఇనిట్ అప్పటికే 50 నంబర్‌తో ఒక ఫైల్ పెట్టి పాస్‌వర్డ్ లాగిన్ యెస్ అని రాసి ఉంటే 50దే గెలుస్తుంది, 99 ఉత్తి అలంకారం. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, సర్వీస్ రీస్టార్ట్ కూడా చక్కగా అవుతుంది.

అదే క్లౌడ్ ఇనిట్ సుడోయర్స్ డాట్ డిలో 90 నంబర్‌తో డీఫాల్ట్ యూజర్‌కి పాస్‌వర్డ్ లేకుండా సుడో, అంటే రూట్ అధికారంతో కమాండ్లు నడిపే హక్కు, ఇస్తుంది, అక్కడేమో చివరి మ్యాచ్ గెలుస్తుంది కాబట్టి దాన్ని మార్చాలంటే 90 కంటే పెద్ద నంబర్ పెట్టాలి, ఎస్‌ఎస్‌హెచ్‌డీలోదాన్ని మార్చాలంటే 50 కంటే చిన్న నంబర్ పెట్టాలి. ఒకే మెషీన్, ఒకే ప్యాకేజీ పెట్టిన రెండు ఫైళ్లు, రెండు దిక్కులు. డిస్ట్రో వాళ్లు మాత్రం ఒక తెలివైన పని చేశారు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ మెయిన్ ఫైల్‌లో ఇన్‌క్లూడ్ లైన్ పైన పెట్టారు, సుడోయర్స్‌లో కింద పెట్టారు, అందువల్ల రెండిట్లోనూ మెయిన్ ఫైల్ మీద డ్రాప్ ఇన్‌దే పైచేయి. డ్రాప్ ఇన్‌కీ డ్రాప్ ఇన్‌కీ మధ్య తగువు వస్తేనే ఈ తేడా బయటపడుతుంది.

ఇన్ని తిట్టి కూడా ఎస్‌ఎస్‌హెచ్‌డీకి 7 ఇస్తున్నా, క్యాపిటల్ టీ ఆప్షన్ కోసం. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ క్యాపిటల్ టీ అని రూట్‌గా కొడితే అన్ని ఫైళ్లూ కలిపి చివరికి ఏ సెట్టింగ్ ఏ విలువతో నడుస్తుందో మొత్తం గుక్కతిప్పకుండా చెప్పేస్తుంది. చిన్న టీ అయితే సింటాక్స్ చెక్ మాత్రమే. ఫైళ్లు తెరిచి చదివి ఊహించుకునే బదులు దీని అవుట్‌పుట్‌లో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ లైన్ వెతుక్కోండి, ఆ లైన్ నో అంటే నో. ఏ ఫైల్ నుంచి వచ్చిందో కూడా చెప్పి ఉంటే 8 వేసేవాణ్ణి.

సుడోకి 7. పాత ఫైళ్లలో ఇన్‌క్లూడ్ డైరెక్టరీ లైన్ ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, చూసినవాళ్లంతా కామెంట్ అనుకుంటారు, కానీ అది పనిచేసే లైన్. ఈ గందరగోళం పోవడానికే 1.9.1 నుంచి హ్యాష్ బదులు అట్ గుర్తు కూడా ఒప్పుకుంటున్నారు. ఇంకో చిక్కు ఫైల్ పేరులో చుక్క. పేరులో ఎక్కడ చుక్క ఉన్నా, చివర టిల్డా ఉన్నా ఆ ఫైల్‌ని చదవదు. ఎడిటర్ బ్యాకప్ ఫైళ్లూ, డీపీకేజీ పక్కన పెట్టిన ఫైళ్లూ పొరపాటున రూల్స్ అయిపోకుండా పెట్టిన జాగ్రత్త ఇది, ఉద్దేశం మంచిదే, కానీ సిస్టమ్‌డీలో డాట్ కాన్ఫ్ ఉంటేనే చదివి, సుడోలో డాట్ కాన్ఫ్ ఉంటే చదవకపోతే అలవాటు ఎలా కుదురుతుంది చెప్పండి. యూజర్ పేరుతో ఫైల్ పెట్టేవాళ్లు, పేరులో చుక్క ఉన్న యూజర్లుంటే జాగ్రత్త.

తప్పు ఫైల్ పడితే సంగతేంటంటే, పాత వెర్షన్లలో ఒక్క సింటాక్స్ తప్పుకి సుడో మొత్తం మూతపడేది, రూట్ పాస్‌వర్డ్ లేని మెషీన్ అయితే సరిచేయడానికి కూడా సుడో కావాలి, సుడో ఏమో లేదు. కొత్తవి తప్పున్న చోట లైన్ చివరిదాకా వదిలేసి ముందుకెళ్తాయి. అయినా ప్యాకేజీ తయారుచేసేవాళ్లు తమ ఫైల్‌ని వైసుడో మైనస్ సీఎఫ్‌తో చెక్ చేయకుండా వదలకూడదు. చివరి ఫలితం చూడాలంటే సుడో మైనస్ ఎల్, పక్కన క్యాపిటల్ యూతో యూజర్ పేరు ఇస్తే ఆ యూజర్‌కి ఏమేం అనుమతులున్నాయో చూపిస్తుంది. అంత బాగానే ఉంది.

డెబియన్‌లో ప్యాకేజీలు దించి పెట్టే యాప్ట్‌కి 8 ఇచ్చేస్తా పెద్దగా ఆలోచించకుండా. సోర్సెస్ లిస్ట్ డాట్ డిలో ప్యాకేజీలు దొరికే రిపోలు, యాప్ట్ కాన్ఫ్ డాట్ డిలో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్ డాట్ డిలో పిన్నింగ్, అంటే ఏ వెర్షన్‌కి ప్రాధాన్యమో. పేరు నచ్చకపోతే మౌనంగా వదిలేయదు, ఫలానా ఫైల్‌ని ఎక్స్‌టెన్షన్ బాలేదని వదిలేస్తున్నా అని నోటీస్ వేస్తుంది, ఈ ఒక్క లైన్ మెసేజ్ అందరూ పెట్టి ఉంటే ఈ రివ్యూ సగానికి తగ్గేది. యాప్ట్ కాన్ఫిగ్ డంప్ అంటే మొత్తం కలిపిన సెట్టింగ్స్ వస్తాయి. కాకపోతే లిస్ట్ లాంటి సెట్టింగ్స్‌లో కొత్త ఫైల్‌లో రాసింది పాతదాన్ని తీసేయదు, దానికి కలుస్తుంది, తుడవాలంటే హ్యాష్ క్లియర్ అని ప్రత్యేకంగా రాయాలి, అప్‌డేట్లు వాటంతటవే వేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌లో, ఎక్కడి అప్‌డేట్లు వేయాలో చెప్పే ఆరిజిన్స్ లిస్ట్ కుదిద్దామని చూసేవాళ్లకి ఇది అవసరం పడుతుంది.

పాత లాగ్స్ పక్కన పెట్టి కొత్తవి మొదలెట్టే లాగ్‌రొటేట్‌కి 6. మెయిన్ ఫైల్‌లో ఇన్‌క్లూడ్ లైన్, దాని ద్వారా ప్యాకేజీల ఫైళ్లు. ఫైల్ గ్రూప్‌కో అందరికో రాసే పర్మిషన్ ఉంటే పక్కన పెట్టేస్తుంది, ఆర్‌పీఎంసేవ్, డీపీకేజీ ఓల్డ్ లాంటి తోకలున్నవి చదవదు, ఇవన్నీ మంచివే. ఒకే లాగ్ ఫైల్ రెండు డ్రాప్ ఇన్‌లలో పడితే డూప్లికేట్ ఎంట్రీ అని ఎర్రర్ ఇస్తుంది. వైల్డ్‌కార్డ్‌తో మొత్తం లాగ్ డైరెక్టరీ పట్టేసే ఫైల్ రాసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లవల్ల వేరే ప్యాకేజీ ఫైల్ చెడిపోయినట్టు కనిపిస్తుంది. చిన్న డీ ఆప్షన్‌తో నడిపితే ఏమీ మార్చకుండా ఏం చేయబోతుందో చెప్తుంది, అది వాడుకుంటే పని జరుగుతుంది.

ప్రొఫైల్ డాట్ డి విషయంలో మాత్రం నాకు మొదట్నుంచీ అసంతృప్తి. 10కి 3. పైవన్నీ సెట్టింగ్ ఫైళ్లు, ఇక్కడ పడేసేది కోడ్, లాగిన్ కాగానే మన కమాండ్లు తీసుకునే లాగిన్ షెల్‌లోకే నేరుగా సోర్స్ అయిపోతుంది, అంటే ఆ షెల్ లోపలే నడుస్తుంది. ఒక ప్యాకేజీ స్క్రిప్ట్‌లో ఎగ్జిట్ అని ఉంటే లాగిన్ షెల్లే బయటికి పోతుంది, ఒకటి నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తే ప్రతి లాగిన్ ఎదురుచూస్తుంది, కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌ని ఒకళ్లు పాడుచేస్తే అందరికీ పాడవుతుంది. ఎవరిది వాళ్లది విడిగా ఉండటం కోసమే కదా ఈ పద్ధతి పెట్టింది, ఇక్కడ ఫైళ్లు విడిగా ఉన్నాయి, పర్యవసానాలు మాత్రం ఉమ్మడి.

మిగతావి గబగబా. కెర్నెల్ సెట్టింగ్స్ ఉండే సిస్‌సీటీఎల్ డాట్ డి బాగుంది, సిస్టమ్ ఆప్షన్‌తో కొడితే ఒక్కో ఫైల్ పేరు చెప్తూ అప్లై చేస్తుంది. కెర్నెల్ మాడ్యూల్స్ ఎక్కించే మాడ్‌ప్రోబ్ డాట్ డికి షో కాన్ఫిగ్ ఉంది, హాయి. ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో తేల్చే పోల్‌కిట్ రూల్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీలాగే ముందు జవాబిచ్చిన రూల్‌దే మాట, గుర్తుపెట్టుకోండి. మెషీన్‌ని బూట్ చేసే గ్రబ్ సంగతి వేరు, డెబియన్ ఉబుంటుల్లో డీఫాల్ట్ కింద గ్రబ్ డాట్ డి ఉంది గానీ బూట్ అయ్యేటప్పుడు ఎవరూ దాన్ని చదవరు, అప్‌డేట్ గ్రబ్ కొట్టి ఫైల్ తయారు చేస్తేనే లెక్క. డెబియన్‌లో మెయిల్ సర్వర్ ఎగ్జిమ్ స్ప్లిట్ కాన్ఫిగ్ కూడా ఇదే బాపతు, ముక్కలన్నీ అతికించి ఒక ఫైల్ చేస్తారు, ఎగ్జిమ్‌కి ఆ ముక్కల సంగతే తెలీదు. ఇలాంటివాటిలో ప్యాకేజీ తన ఫైల్ పడేసి ఊరుకుంటే చాలదు, ఆ తయారీ కమాండ్ కూడా పిలవాలి.

నంబర్ల గురించి ఒక మాట, చాలామంది మర్చిపోతారు, ఈ వరస అంతా అక్షరాల వరస, అంకెల విలువ కాదు. 100 తో మొదలయ్యే ఫైల్ 20 తో మొదలయ్యేదానికంటే ముందొస్తుంది, 9 అని ఒంటి అంకె పెడితే 10 తర్వాత పడుతుంది. రెండంకెలు, హైఫన్, ప్యాకేజీ పేరు, అంతకుమించి క్రియేటివిటీ వద్దు.

ప్యాకేజీ తీసేశాక మిగిలిపోయేవి ఇంకో తంటా. డెబియన్‌లో రిమూవ్ అంటే ఎట్సీలోని కాన్ఫిగ్ ఫైళ్లు ఉండిపోతాయి, పర్జ్ అంటేనే పోతాయి. అంటే ప్రోగ్రాం లేదు కానీ దాని క్రాన్ ఫైల్ ఉంది, టైమ్‌కి లేస్తుంది, లేని ప్రోగ్రాంని పిలుస్తుంది. అందుకే క్రాన్ లైన్లలో ముందు ప్రోగ్రాం ఉందో లేదో టెస్ట్ చేసి తర్వాత నడిపించే రాత కనిపిస్తుంది, అది భయంతో రాసింది కాదు, పాలసీయే అలా రాయమంటుంది. యూజర్ లిబ్‌లో పెట్టే డ్రాప్ ఇన్‌లకి ఈ బాధ లేదు, ప్యాకేజీతోనే పోతాయి, అడ్మిన్ కోసం ఎట్సీ ఖాళీగా ఉంటుంది. కొత్తగా టూల్ రాసేవాళ్లెవరైనా ఉంటే యూజర్ లిబ్, తాత్కాలిక ఫైళ్లుండే రన్, ఎట్సీ మూడూ చదివేలా రాయండి, ఎట్సీ ఒక్కటే చదివే డాట్ డి ఇప్పుడు సగం పనే.

ఇక మిగిలింది క్రాన్ డాట్ డి, దీనికి 4 కంటే ఎక్కువ వేయలేను. డెబియన్ క్రాన్‌లో ఫైల్ పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ తప్ప ఏమున్నా చదవదు, బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అనో నైట్లీ డాట్ క్రాన్ అనో పెడితే ఆ జాబ్ పుట్టనే పుట్టదు, స్క్రీన్ మీద ఒక్క మాట చెప్పదు. రెడ్ హ్యాట్ వైపు వాడే క్రోనీ అనే క్రాన్‌లో పేర్ల రూలు వేరు, అక్కడ నడిచిన ఫైల్ ఇక్కడ నడవకపోవచ్చు. ఓనర్ రూట్ కాకపోయినా, వేరేవాళ్లకి రాసే పర్మిషన్ ఉన్నా ఒప్పుకోదు, చివరి లైన్ తర్వాత న్యూలైన్ లేకపోయినా డెబియన్‌లో మొత్తం ఫైల్ పక్కకే. యూజర్ సొంత జాబ్‌లు రాసుకునే మామూలు క్రాన్‌ట్యాబ్‌లో లేని యూజర్ కాలమ్ ఇక్కడ ఉంటుంది, అది మర్చిపోతే కమాండ్ మొదటి పదాన్నే యూజర్ అనుకుంటుంది. ఇవన్నీ భరించొచ్చు, కానీ ఇంతా చేసి ఈ మెషీన్‌లో ఏ జాబ్ ఎప్పుడు నడుస్తుందో మొత్తం చూపించే కమాండ్ లేదు, క్రాన్‌ట్యాబ్ మైనస్ ఎల్ మీ యూజర్‌వి మాత్రమే చూపిస్తుంది, డాట్ డిలోవి దాని లెక్కలోనే లేవు. సిస్టమ్‌డీ టైమర్లకి లిస్ట్ టైమర్స్ అని కొడితే ముందుసారి ఎప్పుడు నడిచిందో మళ్లీ ఎప్పుడు నడుస్తుందో అంతా వస్తుంది, అందుకే కొత్త ప్యాకేజీల్లో షెడ్యూల్ జాబ్ ఏది పెట్టాల్సొచ్చినా నేను టైమర్ యూనిట్టే పెడుతున్నా, క్రాన్ ఫైళ్లు పాతవాటికి మాత్రమే ఉంచా.